ఆమేన్ అనే ముందు

1986లో అమెరికాలో ఒక రేడియో ప్రసారం పట్టుబడింది. మీరూ నేనూ వినే ప్రసారం కాదది, ఒకే ఒక్క చెవి కోసం చేసినది. పీటర్ పోపాఫ్ అనే సువార్తికుడు అప్పట్లో ఊరూరా స్వస్థత కూటాలు పెట్టేవాడు. హాలు నిండా జనం. వాళ్లలో ఒకరి దగ్గరికి వెళ్లి పేరుపెట్టి పిలిచేవాడు. వాళ్ల ఇంటి చిరునామా చెప్పేవాడు. ఏ జబ్బుతో బాధపడుతున్నారో చెప్పేవాడు. అంతా దేవుడు చూపించినట్టే ఉండేది. జేమ్స్ రాండీ అనే ఇంద్రజాలికుడికి అనుమానం వచ్చింది. ఆయన మనుషులు స్కానర్ పట్టుకుని కూటానికి వెళ్లారు. 39.17 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక ఆడగొంతు పలికింది. అది పోపాఫ్ భార్య ఎలిజబెత్ గొంతు. కూటం మొదలవక ముందు జనం రాసిచ్చిన ప్రార్థన చీటీలు ఆవిడ చదువుతుంటే, ఈయన చెవిలో దాచుకున్న బుల్లి రిసీవర్‌లో వింటున్నాడు. రాండీ ఆ టేపును జానీ కార్సన్ టెలివిజన్ కార్యక్రమంలో దేశమంతటికీ వినిపించాడు. మరుసటి ఏడాది పోపాఫ్ దివాలా తీశాడు. కొన్నేళ్లకు మళ్లీ టీవీలో కనబడ్డాడు, ఈసారి అద్భుత జలం పొట్లాలతో.

ఇలాంటివాణ్ని పట్టుకోవడానికి బైబిలు అక్కర్లేదు, స్కానర్ చాలు. ఇప్పుడైతే పేర్లూ ఫోన్ నంబర్లూ సంపాదించడానికి ప్రార్థన చీటీలు కూడా అక్కర్లేదు. ఫేస్‌బుక్ చూస్తే సగం సంగతులు తెలిసిపోతాయి. అందుకే ఈ రకం మోసం మీద ఎక్కువసేపు మాట్లాడను. నన్ను ఆలోచింపజేసేది వేరే మనిషి. చెవిలో యంత్రం లేదు, మోసం చేయాలన్న ఆలోచనా లేదు, చెప్పేది దేవుడి మాటేనని తానే మనసారా నమ్ముతున్నాడు. అయినా అది దేవుడి మాట కాదు. అప్పుడు వినేవాళ్లకు దారేమిటి? బైబిలు ఎక్కువగా తలపట్టుకున్నది ఈ మనిషి దగ్గరే.

యిర్మీయా గ్రంథం 28వ అధ్యాయంలో అతని పేరు హనన్యా. గిబియోను ఊరివాడు, అజ్జూరు కొడుకు.

ముందు సందర్భం చెప్పాలి. క్రీస్తుపూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీశాడు. రాజైన యెకొన్యాను, రాజమాతను, అధికారులను, చేతిపని తెలిసిన కమ్మరులను చెరపట్టి తీసుకుపోయాడు. దేవాలయంలోని పాత్రలు కూడా పట్టుకుపోయాడు. సిద్కియాను గద్దె మీద కూర్చోబెట్టాడు. తర్వాత కొన్నేళ్లకు ఎదోము, మోయాబు, అమ్మోను, తూరు, సీదోను దేశాల రాయబారులు యెరూషలేములో కూడారు. తిరుగుబాటు చేద్దామా అన్నది అందరి మనసులోనూ ఉంది. ఆ రోజుల్లో యిర్మీయా మెడ మీద కాడి వేసుకుని తిరిగాడు. బబులోను కాడి కింద మెడ వంచండి, బతుకుతారు, తిరగబడితే నాశనమైపోతారు అన్నది ఆయన సందేశం. స్వదేశాభిమానం ఉన్న ఎవడికైనా వింటే ఒళ్లు మండే మాట.

సిద్కియా ఏలుబడి నాలుగో ఏట, ఐదో నెలలో, దేవాలయంలో, యాజకులూ జనమూ చూస్తుండగా హనన్యా లేచి నిలబడ్డాడు. యిర్మీయా వాడే నుడికారమే వాడాడు. అదే దేవుడి పేరు, అదే గంభీరమైన ఆరంభం. బబులోను కాడి విరిగిపోయింది, రెండేళ్లలో గుడి పాత్రలన్నీ తిరిగొస్తాయి, యెకొన్యా తిరిగొస్తాడు, చెరపోయినవాళ్లంతా తిరిగొస్తారు అన్నాడు. గ్రంథకర్త హనన్యాను ముందే దొంగ ప్రవక్త అని మనకు చెప్పేయలేదు. అధ్యాయం పొడుగునా అతన్ని కూడా ప్రవక్త అనే పిలుస్తాడు. మనల్ని కూడా ఆ జనంలో నిలబెట్టి, ఇప్పుడు మీరే చెప్పండి అన్నట్టుంటుంది ఆ రచన.

యిర్మీయా ఏమన్నాడు? ఆమేన్ అన్నాడు. వెటకారమని కొందరు వ్యాఖ్యాతలంటారు, నాకు మాత్రం అలా అనిపించదు. నువ్వు చెప్పినట్టే జరిగితే ఎంత బాగుండు, దేవుడు అలాగే చేయుగాక అని ఆ మనిషి నిజంగానే అనుకుని ఉంటాడు. తన ఊరు తగలబడిపోవాలని కోరుకునేవాడు కాదాయన. ఆ తర్వాత ఒక్క మాట కలిపాడు. మనకంటే ముందొచ్చిన ప్రవక్తలు యుద్ధాన్నీ కీడునూ తెగులునూ గురించి చెప్పారు, క్షేమం చెప్పే ప్రవక్త నిజమైనవాడో కాదో ఆ మాట నెరవేరినప్పుడు తెలుస్తుంది అని. హనన్యా వెంటనే యిర్మీయా మెడ మీది కాడి తీసి విరగ్గొట్టాడు. జనం ఆనందించే ఉంటారు. యిర్మీయా ఏం చేశాడో తెలుసా? తన దారిన తాను వెళ్లిపోయాడు. అక్కడికక్కడ గొంతెత్తి ఎదురు ప్రవచనం చెప్పలేదు. దేవుడి మాట రాలేదు గనుక ఆయన దగ్గర చెప్పడానికేమీ లేదు. తర్వాత మాట వచ్చింది. కొయ్యకాడి విరిచావు గదా, దాని బదులు ఇనుపకాడి వస్తుంది, నువ్వు ఈ ఏడే చనిపోతావు అని. ఆ ఏడాది ఏడో నెలలోనే హనన్యా చనిపోయాడు. సుమారు 586లో యెరూషలేము కూలిపోయింది. గుడి పాత్రలు తిరిగొచ్చింది పారసీక రాజు కోరెషు కాలంలోనే, అంటే హనన్యా ఆ మాట చెప్పిన అర్ధశతాబ్దం దాటాక.

ఇక్కడ ఒక చిక్కుంది. ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం ఒక కొలత ఇచ్చింది. యెహోవా పేరిట చెప్పిన మాట జరగకపోతే అది యెహోవా చెప్పింది కాదు. బాగుంది. కానీ హనన్యా గడువు రెండేళ్లు. రాయబారులు ఊళ్లోనే ఉన్నారు, సిద్కియా తిరగబడాలో వద్దో అప్పుడే తేల్చుకోవాలి. రెండేళ్ల తర్వాత వచ్చే రుజువు ఏ అక్కరకొస్తుంది? పైగా హనన్యా కొత్త సిద్ధాంతమేమీ చెప్పలేదు. అంతకు సుమారు నూరేళ్ల ముందు, 701లో అష్షూరు రాజు సన్హెరీబు యెరూషలేమును ముట్టడించినప్పుడు, ఊరు పడిపోదని యెషయా ప్రవక్త చెప్పాడు. పడిపోలేదు. హనన్యా ఆ పాత మాటనే కొత్త కాలానికి అతికించాడు. లేఖనం తెలిసినవాడే, ప్రార్థనాపరుడే అయ్యుండొచ్చు. నిన్న దేవుడు చెప్పింది ఇవాళ కూడా చెబుతున్నాడని అనుకోవడమే అతని పొరపాటు.

ఆ కొలతకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. హిజ్కియా రాజు జబ్బుపడితే యెషయా వచ్చి నువ్వు బతకవు, ఇల్లు చక్కబెట్టుకో అన్నాడు. రాజు గోడవైపు తిరిగి ఏడ్చాడు. యెషయా నడిమి ఆవరణ దాటకముందే మాట మారింది. ఇంకో 15 ఏళ్ల ఆయుష్షు. నీనెవె 40 రోజుల్లో కూలిపోతుందని యోనా చాటాడు, ఊరు మారుమనస్సు పొందింది, కూలలేదు. మరి యెషయా, యోనా అబద్ధ ప్రవక్తలా? కాదు. హెచ్చరిక ఉద్దేశమే జరగకుండా ఆపడం. ఏదైనా జనం గురించి కీడు చెప్పాక వాళ్లు మారితే దేవుడూ మారతాడని యిర్మీయా 18వ అధ్యాయం తేటగా చెబుతుంది. కాబట్టి నెరవేర్పు అనేది కొలతే గానీ పూర్తి కొలత కాదు.

హిజ్కియా కథలో చాలామంది దాటేసే సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. 15 ఏళ్లు ఇస్తున్నానని దేవుడి మాట చెప్పిన ఆ యెషయాయే, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి కురుపు మీద వేయమన్నాడు. వేశారు, బాగయ్యాడు. ప్రవచనమూ మందూ ఒకే నోట వచ్చాయి. షుగరు మాత్రలు మానేయ్, ఆపరేషన్ వద్దు, దేవుడు నాకు చూపించాడు అని చెప్పేవాళ్లు ఈ అధ్యాయం తెరవరు.

ఇక ద్వితీయోపదేశకాండంలోనే 13వ అధ్యాయం ఉంది. దాన్ని మన కూటాల్లో చదవగా విన్నది తక్కువ. ఒక ప్రవక్త చెప్పిన సూచన నిజంగానే జరిగిందనుకోండి. అయినా అతను మిమ్మల్ని వేరే దేవుళ్ల వెంట నడిపిస్తుంటే వినొద్దు అంటుంది. అంటే అద్భుతం కళ్లముందు జరిగినా, అది సాక్ష్యం కాదు! ఫిలిప్పీ పట్టణంలో పౌలు వెంటపడ్డ దాసి అమ్మాయి కథ కూడా ఇదే. ఆమెకు పుతోను దయ్యం పట్టి సోదె చెబుతోంది. పౌలూ సీలా సర్వోన్నతుడైన దేవుడి సేవకులని అరుస్తోంది. ఆ మాటలో అబద్ధమేముంది? ఒక్కటి కూడా లేదు. అయినా పౌలు ఆ దయ్యాన్ని వెళ్లగొట్టాడు. అప్పుడు ఎవరికి కోపమొచ్చింది? ఆమె యజమానులకు. సోదె మీద వచ్చే రాబడి పోయింది గనుక. పౌలుకూ సీలకూ బెత్తపు దెబ్బలూ జైలూ ఆ రాబడి పోయినందుకే.

జరిగిందా లేదా అన్నది ఒక్కటే చాలకపోతే, సిద్కియా కాలంనాటి ఆ సామాన్యుడు హనన్యాను ఎలా గుర్తుపట్టాలి? యిర్మీయా 23వ అధ్యాయంలో జవాబు ఉందని నా అభిప్రాయం. అక్కడ ప్రవక్తల మీద ఆయన మోపిన నేరాలు చూడండి. వ్యభిచారం, అబద్ధం, ఒకరి దగ్గర మాటలు ఒకరు దొంగిలించడం. వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచేది మరొకటి. వాళ్లు చెడుపని చేసేవాళ్ల చేతులు బలపరుస్తారట, దానివల్ల ఒక్కడూ తన చెడు మానడట. ఈ కొలతతో హనన్యా మాటను తూచండి. అతను వినేవాళ్లను ఏం అడిగాడు? ఏమీ అడగలేదు. అన్యాయంగా కూలి ఎగ్గొట్టే యజమాని అలాగే ఉండొచ్చు. దాసులను విడిపిస్తామని నిబంధన చేసి మాట తప్పే పెద్దలు అలాగే ఉండొచ్చు, 34వ అధ్యాయంలో వాళ్లు అదే చేశారు. రెండేళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు, మేలు దానంతటదే నడిచొస్తుంది. యిర్మీయా మాట అలా కాదు. వినేవాడికి దానివల్ల నష్టం ఉంది, పని ఉంది.

సంఖ్యాబలం సంగతి రాజులు మొదటి గ్రంథం 22వ అధ్యాయం తేల్చేసింది. 400 మంది ప్రవక్తలు అహాబు రాజుకు రామోత్గిలాదు మీద గెలుపు చెప్పారు. ఒక్క మీకాయా కాదన్నాడు. మిగతావాళ్లంతా ఒకేమాట మీద ఉన్నారు, నువ్వూ అలాగే చెప్పు అని పిలవడానికొచ్చిన మనిషే ముందుగా నేర్పిపెట్టాడు. మీకాయాకు దక్కింది చెంపదెబ్బ, జైలు, కొంచెం రొట్టె, కొంచెం నీళ్లు. అహాబుకు దక్కింది గురి చూడకుండా వేసిన బాణం.

ఇప్పుడు మన ఇళ్ల గోడల మీదికి వద్దాం. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో క్యాలెండర్ల మీద, గోడ గడియారాల మీద, కారు వెనకద్దాల మీద ఎక్కువగా కనబడే వచనాల్లో యిర్మీయా 29:11 ఒకటి. దేవుడి ఉద్దేశాలు మేలుకే గానీ కీడుకు కావని, మున్ముందు నిరీక్షణ ఉందని చెప్పే వచనం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డు తీసినప్పుడు ఆ వచనం వస్తే ఎంత సంతోషమో! సంతోషించడం తప్పు కాదు. కానీ ఆ వచనం ఎక్కడ నుంచి వచ్చిందో తెలిస్తే దాని బరువు మారుతుంది. బబులోనులో చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం అది. అక్కడా ప్రవక్తలున్నారు, త్వరలో ఇంటికెళ్లిపోతాం అని చెబుతున్నారు. వాళ్ల మాట నమ్మొద్దు అనడానికే ఆ ఉత్తరం రాశాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చేయండి, 70 ఏళ్లు పడుతుంది అన్నాడు. ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది ఆ మేలు చూడకుండానే కన్నుమూయాల్సినవాళ్లు. క్యాలెండరు మీద 11వ వచనం అచ్చువేసి, 10వ వచనంలోని 70 ఏళ్లు వదిలేస్తే, యిర్మీయా మాటను తీసుకెళ్లి హనన్యా నోట్లో పెట్టినట్టే. ఆ ఉత్తరం చూసి షెమయా అనే ప్రవక్తకు మండిపోయింది. ఈ వెర్రివాణ్ని ఇంకా బొండలో ఎందుకు వేయలేదు అని యెరూషలేములో ఉన్న యాజకుడికి తిరుగుటపా రాశాడు.

కొత్త నిబంధనలోకి వచ్చేసరికి ప్రవక్త రాజు ముందు కాదు, సంఘం మధ్య నిలబడతాడు. అక్కడ పౌలు ఏర్పాటు ఆశ్చర్యంగా ఉంటుంది. కొరింథీ సంఘానికి రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో, ఇద్దరో ముగ్గురో ప్రవచించాలి, తక్కినవాళ్లు దాన్ని వివేచించాలి అంటాడు. కూర్చున్నవాళ్లలో మరొకరికి ప్రత్యక్షత వస్తే మాట్లాడుతున్నవాడు ఆగిపోవాలి. ప్రవక్తల ఆత్మలు ప్రవక్తల అదుపులోనే ఉంటాయట. కాబట్టి ఆత్మ నన్ను లాక్కుపోయింది, ఆపుకోలేకపోయాను అనడానికి వీల్లేదు. థెస్సలొనీకయులకు రాస్తూ, ప్రవచించడాన్ని చులకన చేయొద్దనీ, అంతా పరీక్షించి మేలైనదాన్ని పట్టుకోమనీ చెప్పాడు. ఆ రెండూ పక్కపక్కనే రాశాడు. బెరయవాళ్లు పౌలు బోధనే లేఖనాలతో సరిచూసుకుంటే, అపొస్తలుల కార్యములు దాన్ని మర్యాద తప్పడం అనలేదు, మెచ్చుకుంది. యెరూషలేము వెళితే నిన్ను బంధిస్తారని అగబు అనే ప్రవక్త, పౌలు నడికట్టుతో తన కాళ్లూ చేతులూ కట్టుకుని చూపించాడు. వినికూడా పౌలు వెళ్లాడు. ప్రవచనం నిజమే, కానీ నిర్ణయం పౌలుదే. దేవుడు చూపించాడు, ఈ అమ్మాయినే చేసుకో అని ఒత్తిడి పెట్టేవాళ్లకు అగబు పాటి వినయం ఉంటే ఎన్ని కాపురాలు బాగుపడేవో.

దీనికి అడ్డంగా మన దగ్గర ఒక వచనం వాడతారు. దేవుడి అభిషిక్తులను ముట్టకూడదు, ఆయన ప్రవక్తలకు కీడు చేయకూడదు అన్నది. 105వ కీర్తనలో ఉంది. ఎవరైనా బోధకుణ్ని లెక్క అడిగితే ఈ వచనంతో నోరు మూయిస్తారు. ఆ కీర్తన తీసి పైనుంచి చదవండి. అక్కడ అభిషిక్తులంటే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. గుప్పెడుమంది, సెంటు భూమి లేక పరాయి దేశాల్లో తిరుగుతున్నవాళ్లు. వాళ్ల జోలికి వెళ్లొద్దని దేవుడు హెచ్చరించింది రాజులను. బలవంతుల చేయి బలహీనుల మీద పడకుండా పెట్టిన వచనాన్ని, బలవంతుణ్ని ప్రశ్న తగలకుండా కాపాడే కవచంగా మార్చుకున్నాం.

అపొస్తలులు పోయాక సంఘాలకు ఈ తలనొప్పి ఎక్కువైంది. ఊరూరా తిరిగే బోధకులు వస్తున్నారు, ఎవరు నిజమో తెలియదు. 1873లో ఫిలోథియోస్ బ్రియెన్నియోస్ అనే గ్రీకు మతాధికారి కాన్‌స్టాంటినోపుల్‌లో 1056నాటి రాతప్రతి ఒకటి కనుక్కున్నాడు. అందులో డిడాకీ అనే చిన్న పుస్తకం ఉంది, అంటే పన్నెండుమంది అపొస్తలుల బోధ. మొదటి శతాబ్దం చివరిదో రెండో శతాబ్దం మొదటిదో అని పండితులంటారు. అందులో తిరిగే సేవకుల గురించి పెట్టిన నియమాలు చదివితే నవ్వొస్తుంది, మరుక్షణం నవ్వు ఆగిపోతుంది. వచ్చినవాణ్ని ప్రభువును చేర్చుకున్నట్టు చేర్చుకోండి. ఒక రోజు ఉండొచ్చు, అవసరమైతే రెండో రోజు. మూడు రోజులుంటే అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు తర్వాతి మజిలీ దాకా సరిపడా రొట్టె ఇవ్వండి. డబ్బడిగితే అబద్ధ ప్రవక్త. ఆత్మవశుడై విందు వడ్డించమని చెప్పి ఆ విందు తానే తింటే అబద్ధ ప్రవక్త. ఆత్మలో ఉండి నాకింత సొమ్మివ్వండి అంటే వినొద్దు, లేనివాళ్ల కోసం అడిగితే మాత్రం తప్పుపట్టొద్దు. విచిత్రమేమిటంటే, ఆత్మలో మాట్లాడుతున్న ప్రవక్తను పరీక్షించొద్దని కూడా ఆ పుస్తకమే అంటుంది. ఈ విషయంలో నేను పౌలు పక్షాన ఉంటాను. అయితే డిడాకీ ఉద్దేశం అర్థమవుతుంది. అతని ఆవేశాన్ని వదిలేయండి, భోజనాన్నీ సంచినీ చూడండి అంటోంది. నిజమైన ప్రవక్త ఊళ్లో స్థిరపడితే మొదటి పంట ఇచ్చి పోషించమని కూడా రాసింది. సేవకుడి కడుపు మాడ్చమని ఎవరూ అనలేదు.

రోములో రెండో శతాబ్దంలో వచ్చిన హెర్మాసు కాపరి అనే గ్రంథం ఇంకా సూటిగా చెబుతుంది. అందులో అబద్ధ ప్రవక్త కుర్చీలో కూర్చుంటాడు, విశ్వాసులు బల్ల మీద కూర్చుంటారు. నా సంగతేమవుతుంది అని వాళ్లు అడుగుతారు, వాళ్లకు ఏది కావాలో అది చెబుతాడు. జీతం తీసుకుని చెబుతాడు, ఇవ్వకపోతే చెప్పడు. మూలమూలల్లో ఒంటరిగా దొరికినవాళ్లకు చెబుతాడు. ప్రార్థన చేసే నీతిమంతుల నిండు సంఘంలోకి తీసుకొస్తే నోరు పెగలదు. నిజమైన ఆత్మ అడిగినప్పుడల్లా పలకదు, దేవుడు కోరినప్పుడు సంఘం మధ్య పలుకుతుంది అంటాడు రచయిత. యూట్యూబులో కింద ఫోన్ నంబరు తిరుగుతుండగా, కాల్ చేసినవాళ్లకు కాల్ చేసినట్టు దర్శనాలు చెప్పే కార్యక్రమాలు చూసినప్పుడల్లా నాకు ఆ కుర్చీ, ఆ బల్ల గుర్తొస్తాయి.

డబ్బు మాట వచ్చింది గనుక ఒక లావాదేవీ చెబుతాను. విత్తనపు కానుక వేయండి, నూరంతలు కోస్తారు అనే ప్రవక్తలు మీకు తెలుసు. యెరూషలేము ముట్టడిలో ఉండగా, తాను కావలి ఆవరణలో బందీగా ఉండగా, యిర్మీయా ఒక పొలం కొన్నాడు. అనాతోతులో పినతండ్రి కొడుకు హనమేలు పొలం, 17 తులాల వెండి. సాక్షులను పెట్టి, తక్కెడలో తూచి ఇచ్చి, దస్తావేజులు కుండలో భద్రపరచమని తన లేఖకుడు బారూకుకు అప్పగించాడు. శత్రుసైన్యం తిష్ఠవేసిన నేల అది, గవ్వ కూడా చేయదు. ఈ దేశంలో మళ్లీ ఇళ్లూ పొలాలూ కొంటారు అన్న మాట మీద తన సొమ్ము తాను పెట్టాడు.

అంతానికి తేదీలు చెప్పినవాళ్ల చరిత్ర పొడవైనదే, నేను త్వరగా దాటేస్తాను. రెండో శతాబ్దంలో ఫ్రుగియలో మోంటానుస్ అనే ప్రవక్త వెంట ఉన్న మాక్సిమిల్లా యుద్ధాలు వస్తాయంది, తన తర్వాత అంతమే అంది. ఆమె పోయి 13 ఏళ్లు దాటింది, యుద్ధం లేదే అని ఒక విమర్శకుడు రాసిన మాటలను యూసేబియస్ తన చరిత్రలో దాచిపెట్టాడు. విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న ఆకాశం చూస్తూ కూర్చున్నారు. హెరాల్డ్ క్యాంపింగ్ ఫ్యామిలీ రేడియోలో బోధించేవాడు. 1994 అన్నాడు, కాలేదు. 2011 మే 21 అన్నాడు. నమ్మినవాళ్లలో కొందరు దాచుకున్నదంతా ప్రకటన బోర్డులకు ఖర్చుపెట్టారు. ఆ రోజు గడిచాక, అది ఆత్మసంబంధంగా జరిగిపోయింది, అసలు అంతం అక్టోబరు 21న అన్నాడు. 2012 మార్చిలో మాత్రం తేదీ చెప్పడం పాపమని ఒప్పుకుంటూ శ్రోతలకు ఉత్తరం రాశాడు. 90 ఏళ్లు దాటిన మనిషి అలా రాయడం చిన్న విషయం కాదు. ఆ దినం తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని మత్తయి 24లో యేసు అన్న మాట ఆయన మొదటిసారి లెక్కలు వేసినప్పుడూ అక్కడే ఉంది.

2020 అమెరికా ఎన్నికల్లో డొనాల్డ్ ట్రంప్ మళ్లీ గెలుస్తాడని చాలామంది ప్రవక్తలు చెప్పారు. ఆయన ఓడిపోయాడు. వాళ్లలో జెరెమయా జాన్సన్ అనే యువకుడు 2021 జనవరిలో నేను పొరబడ్డాను, క్షమించండి అని బహిరంగంగా రాశాడు. దానికి ఫలితంగా తిట్లూ, చంపుతామన్న బెదిరింపులూ వచ్చాయని ఆయనే చెప్పాడు. బెదిరించినవాళ్లు నాస్తికులు కారు, ఆయన శ్రోతలే, విశ్వాసులే. అబద్ధం చెప్పినందుకు కాదు ఆ కోపం, అబద్ధమని ఒప్పుకున్నందుకు.

అందుకే తప్పంతా వేదిక మీద ఉన్నవాడి మీదికే తోసేయడం నాకు ఇష్టం ఉండదు. ద్రాక్షారసం గురించీ మద్యం గురించీ ప్రవచించేవాడు దొరికితే ఈ జనానికి సరిగ్గా సరిపోయే ప్రవక్త అతనే అని మీకా ప్రవక్త దెప్పిపొడిచాడు. ప్రవక్తలు అబద్ధం చెబుతున్నారు, నా జనానికి అదే ఇష్టం అని యిర్మీయా నోట దేవుడు వాపోయాడు. దురద చెవులవాళ్లు తమకు కావలసిన బోధకులను తామే పోగుచేసుకుంటారని పౌలు తిమోతికి రాశాడు. కొనేవాళ్లు లేని సరుకు ఏ బజారులోనూ నిలవదు.

యెరూషలేము కూలిపోయిన తర్వాత జరిగింది యిర్మీయా గ్రంథం 41 నుంచి 43 అధ్యాయాల్లో ఉంది. బబులోను నియమించిన అధిపతి గెదల్యాను చంపేశారు. మిగిలిన కొద్దిమంది, కారేహ కొడుకు యోహానాను నాయకత్వంలో, ఐగుప్తుకు పారిపోదామని బేత్లెహేము దగ్గర దిగారు. యిర్మీయా దగ్గరికి వచ్చి మా కోసం దేవుణ్ని అడుగు, మంచైనా చెడైనా ఆయన చెప్పిందే చేస్తాం అని ఒట్టు పెట్టారు. యిర్మీయా చెప్పిందంతా అక్షరాలా జరగడం కళ్లారా చూసినవాళ్లు వాళ్లు. అయినా ఆయన అప్పటికప్పుడు కళ్లు మూసుకుని చెప్పేయలేదు. పది రోజులు పట్టింది జవాబు రావడానికి. పదో రోజు తర్వాత అందరినీ పిలిచి, ఇక్కడే ఉండండి, బబులోను రాజుకు భయపడొద్దు, ఐగుప్తు వెళ్లొద్దు అన్నాడు. నువ్వు అబద్ధమాడుతున్నావు, దేవుడు నీకు ఆ మాట చెప్పలేదు, బారూకు నిన్ను రెచ్చగొడుతున్నాడు అన్నారు వాళ్లు. యిర్మీయాను, బారూకును కూడా వెంట తీసుకుని ఐగుప్తులోని తహపనేసుకు వెళ్లిపోయారు.